వేలిముద్ర పడనివాళ్ళు

గుణుపురం బస్టాండు వెనక, జిరాక్సు కొట్టు పక్క,
ఆధార్ సెంటర్లో
ఐదోసారి నా బొటనవేలు అద్దంమీద నొక్కాడు సాహు.
అద్దం తుడిచాడు. వేలు తుడిచాడు.
మళ్ళీ ఎర్ర దీపం.
"ఇంట్లో గిన్నెలన్నీ నువ్వే తోముతావా పాపా?
గీతలు అరిగిపోయాయి."

తోమను.
పున్నమి దగ్గరపడితే నా వేళ్ళ గీతలు
జల్లుకి తడిసిన ముగ్గులా చెదిరిపోతాయి.
గోరు కింద ఇంకో గోరు సలుపుతుంది.
ఇదంతా ఏ గడిలో రాయమంటాడు సాహు?

మాది గండిగిరి సంస్థానం. పులి వంశం.
ఇప్పుడు మిగిలింది పెంకులు జారిన నాలుగు గదులు,
ఎకరంనర జీడితోట,
ఒక పల్లకి బొంగు. దానిమీద తువ్వాళ్ళు ఆరేస్తాం.
నాన్నమ్మ రత్నమంజరీదేవి మాత్రం
పదకొండు ఊళ్ళ కప్పం బాకీ అని
ఏటా కొత్త నోటుబుక్కులో ఎక్కిస్తూనే ఉంటుంది.
ఆవిడ మారి ఇరవై ఏళ్ళయింది. మోకాళ్ళు సహకరించవు.
పున్నమికి గడపలో కూచుని
మీసాల్లేని పెదవి తడుముకుంటుంది.

వంశధార అవతల మడుగుపేట వాళ్ళు.
పేరెత్తకూడదు. తప్పకపోతే "ఆ నీటికుక్కలు" అనాలి.
మా కథలో, వరద రాత్రి ఏరు దాటుతున్న మా పెద్దయ్యని
వాళ్ళు ఆరుగురు కాళ్ళు పట్టి లోపలికి లాగేశారు.
వాళ్ళ కథలో, పెళ్ళి పడవ రేవుకి తగలగానే
మా పెద్దయ్య పెళ్ళికూతుర్ని నోట కరచుకుని కొండెక్కాడు.
రెండు కథల్లోనూ వాన ఒకటే.
మిగతాదేదీ కలవదు.

నా వెనక కుర్రాడి వంతొచ్చింది.
వేళ్ళు బిగించి పెట్టాడు, విప్పమంటే విప్పడు.
సాహు బలవంతాన విడదీస్తే
సందుల్లో పలచటి తోలు,
తమలపాకు వెనక్కి తిప్పినట్టు.
ఫారంమీద పేరు చదివాను:
మకరధ్వజ బిషోయి, మడుగుపేట.
నా వీపుమీద వెంట్రుకలన్నీ లేచాయి.
గొంతులో ఏదో గుర్రుమంది. దగ్గులా మార్చేశాను.
అతను నా అరచేతిని చూశాడు, తర్వాత నా కళ్ళని,
ఆ తర్వాత తలుపు ఎటుందో చూశాడు.

"ఇద్దరికీ ఒకటే జబ్బు" అన్నాడు సాహు. "తర్వాతెవరు?"

స్కాలర్‌షిప్‌కి ఆఖరు తేదీ ఇరవై.
బరంపురం కాలేజీ, హాస్టలు గది, కిటికీ పక్క మంచం,
అన్నీ ఆ ఎర్ర దీపం వెనకే ఆగిపోయాయి.
మెట్లమీద నిలబడి చున్నీ అంచు కొరుకుతుంటే
అతను ఎటో చూస్తూ అన్నాడు:
"పున్నమి దాటనివ్వు. మంగళవారం పొద్దున్నే రా.
మా అక్కకి అలాగే పడ్డాయి."

నూటపాతికేళ్ళలో వాళ్ళింటి గుట్టు
మా ఇంటి చెవిన పడటం అదే మొదలు.
దానికి బదులేమివ్వాలో పెద్దలెవరూ నేర్పలేదు.
సంచిలో జీడిపప్పు పొట్లం ఉంటే
చేతిలో పెట్టేసి బస్సెక్కాను.

"ఎక్కడిదే ఈ సేపల కంపు?"
నాన్నమ్మ ముక్కు ఇంకా పులిదే.
"సంతలోంచి నడిచొచ్చాను."
నమ్మలేదు. మళ్ళీ అడగనూ లేదు.
నోటుబుక్కు మూసి తలకింద పెట్టుకుంది.

పున్నమి రాత్రి నాలుగు కాళ్ళమీద రేవుకి దిగాను.
అవతలి రాయిమీద తడిసిన చిన్న తల ఒకటి,
చేపని రెండు చేతులా పట్టుకుని తింటూ ఆగింది.
ఉరకాలి నేను. ఉగ్గుతోపాటు పోశారు నాకు ఆ ఉరుకు.
నీళ్ళు తాగాను.
అది సగం చేపని రాయిమీదే వదిలి మునిగిపోయింది.
నాకోసమో, భయపడో, ఇప్పటికీ తెలీదు.
తెల్లారేసరికి రెండొడ్డుల ఇసకలోనూ
మా ముద్రలు, ఒక్కటీ చెరక్కుండా.

మంగళవారం. టోకెన్లు ఏడు, ఎనిమిది.
పచ్చ దీపం. మళ్ళీ పచ్చ దీపం.
సాహు కళ్ళజోడు పైకి తోసి
"మొన్న ఏమైంది మరి?" అన్నాడు.
మకరధ్వజ చాలా మర్యాదగా చెప్పాడు:
"గిన్నెలు తోమడం మానేశామండీ."